సంతాపం వాపసు తీసుకోబడదు

ఆ ఊళ్ళో సేవా క్లబ్బు పుట్టి యాభై ఏళ్ళు కావస్తోంది. పుట్టగానే అది చేసిన మొదటి సేవ సభ్యులకు బ్యాడ్జీలు చేయించడం. రెండోది ఆ బ్యాడ్జీలు పెట్టుకుని ఫొటో దిగడం. ఎవరికి సేవ చెయ్యాలో తెలియక మూడో సేవ దగ్గర కొంచెం ఆలస్యమైంది. చివరికి బస్టాండు పక్కన మంచినీళ్ళ కుళాయి పెట్టించి దానికి రిబ్బను కట్టారు. కత్తెర ఎవరు పట్టుకోవాలనే దగ్గర మాటా మాటా పెరిగింది. సగంమంది విడిపోయి, రోడ్డుకు అవతలి పక్క ఇంకో క్లబ్బు పెట్టుకున్నారు. అలా ఊరికి రెండు క్లబ్బులయ్యాయి, కుళాయి మాత్రం ఒకటే మిగిలింది. అందులో నీళ్ళు ఎప్పుడు వచ్చాయో ఎవరికీ గుర్తులేదు గాని, రెండు క్లబ్బులూ దాన్ని వంతులవారీగా ప్రారంభిస్తూనే ఉన్నాయి.

ఎదురుగా ఇంకొకడు నిలబడితే తప్ప మనిషికి తానెవరో తెలియదు. క్లబ్బుకూ అంతే. అవతలివాళ్ళు కంటి పరీక్షలు పెడితే ఇవతలివాళ్ళు చెవి పరీక్షలు పెట్టేవాళ్ళు. కళ్ళూ చెవులూ శుభ్రంగా ఉన్న జనం రెండు చోట్లకూ వెళ్ళి బిస్కెట్లు తిని వచ్చేవాళ్ళు. ఒక ఏడు ఇవతలి క్లబ్బు సభ్యుడొకాయన చనిపోతే, వీళ్ళింకా పువ్వులు బేరమాడుతుండగానే అవతలివాళ్ళు సంతాపసభ పెట్టేశారు. "మనవాడు పోతే వాళ్ళు ఏడవడమేంటయ్యా?" అని అప్పటి ప్రెసిడెంటు బల్ల గుద్దాడు. ఆనాటినుంచి ఏ సమావేశమైనా సంతాపంతోనే మొదలవ్వాలని, అందులో ఒక్క పూట కూడా ఆలస్యం జరగకూడదని రూలు పెట్టుకున్నారు. క్లబ్బు ఇంత చురుగ్గా చేసే పని మరొకటి లేదు.

దాని వెనకే ఇంకో రూలు వచ్చింది. ఒక సభ్యుడికి కన్నీళ్ళతో సంతాపం చెప్పాక, ఆయన అవతలి క్లబ్బులో కూడా సభ్యుడేనని బయటపడింది. చెప్పిన మంచి మాటలన్నీ రద్దు చెయ్యాలని కొందరు పట్టుబట్టారు. ఆయన కొడుకులు వచ్చి గేటు దగ్గర గొడవ చేశారు. అప్పుడు ప్రెసిడెంటుగా ఉన్న బట్టల వ్యాపారి తన కొట్లో గోడమీది బోర్డునే కొంచెం మార్చి తీర్మానం చేశాడు: నిలబడి చెప్పిన సంతాపం వాపసు తీసుకోబడదు.

ఇక కుర్చీలాయన సంగతి. సభలకూ పెళ్ళిళ్ళకూ కుర్చీలు అద్దెకిచ్చే కొట్టు ఆయనది. ముప్ఫై ఏళ్ళ కిందట ఆయన్ని క్లబ్బులో చేర్చుకున్నది ఆయన్ని చూసి కాదు, ఆయన కుర్చీల్ని చూసి. ప్రెసిడెంటు పదవి సభ్యత్వం వరసలో తిరగాలి. ఆయన వంతు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు భుజం మీద చెయ్యివేసి, "నువ్వు స్టేజీ ఎక్కి కూర్చుంటే కింద కుర్చీలు ఎవరు చూస్తారయ్యా? నీలా ఇంకెవరికి చేతనవుతుంది?" అనేవాళ్ళు. అది మెప్పులా వినిపించేది. ఆయన తలూపేవాడు. ఇంటికి వచ్చేసరికి అది మెప్పు కాదని తెలిసేది గాని, అప్పటికే బట్టలు మార్చుకుని ఉండేవాడు. కోపం తెచ్చుకోవాలన్నా మళ్ళీ చొక్కా తొడుక్కుని వెళ్ళాలి.

సభ రోజున అందరికంటే ముందు వెళ్ళి, ఖాళీ హాల్లో స్టేజీ మధ్య కుర్చీలో ఒకసారి కూర్చుని చూసేవాడు. కాలు ఊగుతోందేమోనని చూడటానికట. కుర్చీ కాళ్ళు చూడటానికి పట్టే సమయం కంటే ఎక్కువసేపే కూర్చునేవాడు. అక్కణ్ణుంచి హాలంతా కొంచెం తల వంచుకుని తనకేసి చూస్తున్నట్టుండేది.

ఈసారి స్వర్ణోత్సవం. వంతు మళ్ళీ ఆయనదే. ఎవరూ ఆ పాత మాట అనకుండా ఆయన కొట్టును ముందే అల్లుడికి అప్పగించేశాడు. ప్రస్తుత ప్రెసిడెంటు పళ్ళ డాక్టరు. స్వర్ణోత్సవం తన చేతుల మీదే జరగాలని ఆయనకూ కోరికే. కొత్త సూటు కుట్టించుకుని, ఇప్పుడు వంతు తనది కాదు గనక, అది మేనల్లుడి పెళ్ళికని చెబుతున్నాడు.

"ఈసారి కూడా తలూపి వచ్చారంటే, ఆ తల ఇంటికి తీసుకురాకండి" అంది కుర్చీలాయన భార్య.

"లేదే. ఈసారి ఎవరేం అంటారు? అనడానికి ఏం మిగిలింది?"

అనడానికి మిగిలినదేమిటో ఆయనకు తట్టలేదు. నిజానికి అది ఎవరికీ తట్టలేదు, దానంతటదే జరిగింది.

సమావేశం రోజు మధ్యాహ్నం ఆయన ఇంటి మేడమీద అద్దెకుంటున్న పెద్దాయన పోయాడు. చూడటానికి వచ్చేవాళ్ళు నిలబడిపోకూడదని కుర్చీలాయన కొట్టునుంచి కుర్చీలు తెప్పించి గుమ్మం ముందు వేయించాడు. అప్పుడే క్లబ్బు సెక్రటరీ స్కూటరు మీద ఆ వీధిలోంచి వెళ్ళాడు. సెక్రటరీ బీమా ఏజెంటు. ఆయనకు కనిపించింది కుర్చీలాయన ఇల్లు, ఇంటి ముందు కుర్చీలాయన కుర్చీలు, వాటిలో తలలు వంచుకున్న మనుషులు, పక్కన అంబులెన్సు. ఆగి అడుగుదామనే అనుకున్నాడు. కానీ వీధి చివర అవతలి క్లబ్బు సెక్రటరీ కూడా స్కూటరు ఆపి అటే చూస్తున్నాడు. ఇంక ఆగితే క్లబ్బు పరువేం కాను? బండి వేగం పెంచాడు. "పాలసీ అంటే సవాలక్ష కాగితాలు అడుగుతాను గాని, సంతాపానికి కాగితాలేంటండీ" అని తర్వాత ఆయనే అందరికీ చెప్పుకున్నాడు.

కుర్చీలాయన అంబులెన్సును పంపించి సమావేశానికి ఆలస్యంగా వెళ్ళాడు. వెనక తలుపులోంచి అడుగుపెట్టేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. మేడమీద పెద్దాయన సంగతి అప్పుడే ఇక్కడిదాకా వచ్చిందా అని ఆశ్చర్యపోయాడు. క్లబ్బు మీద గౌరవం కలిగింది. తనూ స్తంభం పక్కన నిలబడి తల వంచాడు.

మౌనం అయ్యాక పళ్ళ డాక్టరు మైకు అందుకున్నాడు. "ఆయన అందరికీ కుర్చీ వేశాడు. తను మాత్రం ఏనాడూ కుర్చీ కోరుకోలేదు."

మేడమీదాయన ఎవరికి కుర్చీ వేశాడబ్బా అనుకున్నాడు కుర్చీలాయన. అద్దె కూడా ఇవ్వలేదు రెండు నెలలుగా.

"ముప్ఫై ఏళ్ళుగా ఈ పదవి తన ముందుకు వచ్చిన ప్రతిసారీ చిరునవ్వుతో పక్కకు జరిగిన త్యాగమూర్తి..."

అప్పుడు తెలిసింది. తెలిసిన వెంటనే అరవాల్సింది. కానీ పళ్ళ డాక్టరు జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. ఆయన నిజంగానే ఏడుస్తున్నాడు. ముందు వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. తన కోసం ఒక మనిషి ఏడవడం కుర్చీలాయన ఇదివరకెప్పుడూ చూడలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే హాలంతా గొల్లున నవ్వుతుంది. ఆ నవ్వు కూడా తనకోసమే. ఇంకొక్క మాట విని చెబుదాం అనుకున్నాడు. ఆ ఒక్క మాటా అయ్యాక ఇంకొక్కటి. తనలో ఉన్నట్టు తనకే తెలియని మంచితనం ఒక్కొక్కటే బయటికి తీసి బల్లమీద పెడుతున్నారు. వద్దనడానికి చెయ్యి రావడం లేదు.

ఆయన జ్ఞాపకార్థం బస్టాండులో రాతిబెంచీ వేయించాలని తీర్మానించారు. వంతు రావాల్సిన మనిషే లేడు గనక, స్వర్ణోత్సవ సంవత్సరానికి కూడా పళ్ళ డాక్టరే బరువెక్కిన గుండెతో కొనసాగాలని తీర్మానించారు. అందరూ చప్పట్లు కొట్టారు. స్తంభం పక్కన కుర్చీలాయన చేతులు కూడా రెండుసార్లు కలిశాయి. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి.

టీ దగ్గర సెక్రటరీ ఆయన్ని చూశాడు. చేతిలో బిస్కెట్టు టీలో పడిపోయింది.

"బాబాయ్! నువ్వు పోలేదా?"

"లేదురా. పోయింది మేడమీదాయన."

"మరి కుర్చీలు మీ గుమ్మం ముందున్నాయే?"

"మేడమీద ఎలా వేస్తార్రా?"

పళ్ళ డాక్టరు పరిగెత్తుకొచ్చి ఆయన నోటికేసి పరీక్షగా చూశాడు. ఆ వృత్తిలో వాళ్ళు మనిషిని గుర్తుపట్టేది అక్కడే.

"హమ్మయ్య. బతికున్నావన్నమాట. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించి అడిగాడు. "ఎవరికైనా చెప్పావా?"

మర్నాడు పేపర్లో ఫొటోతో సహా వచ్చింది. ఊళ్ళో ఎవరూ కంగారుపడలేదు. చదివినవాళ్ళు, క్లబ్బువాళ్ళ సంగతి తెలిసిందేగా అనుకున్నారు. మిగతావాళ్ళు చదవనేలేదు. కుర్చీలాయన ఎప్పటిలాగే కూరగాయలకు వెళ్ళాడు. కూరగాయలమ్మి ఎప్పటిలాగే పుచ్చు వంకాయలిచ్చింది.

సాయంత్రం పళ్ళ డాక్టరు క్లినిక్కులో నలుగురూ కూర్చున్నారు. నాలుగో మనిషి రిటైరైన లెక్చరరు. స్వర్ణోత్సవానికి క్లబ్బు చరిత్ర రాస్తున్నది ఆయనే. ఉన్న మూడు కుర్చీల్లో ముగ్గురు కూర్చోగా, పళ్ళు పీకించుకునే కుర్చీ ఒక్కటే మిగిలింది. కుర్చీలాయన అందులో కూర్చున్నాడు.

"నేను బతికే ఉన్నానని మీరు ఒక్క ముక్క చెప్పేస్తే అయిపోతుంది కదా డాక్టరుగారూ?"

"అయిపోతుంది. దాంతోపాటు క్లబ్బు కూడా అయిపోతుంది."

"అవతలివాళ్ళు నవ్వుతారనా?"

"వాళ్ళేం నవ్వుతారు బాబాయ్!" అన్నాడు సెక్రటరీ హుషారుగా. "మనం ముందు చేసేశామని ఉడుక్కుని పొద్దున్నే వాళ్ళూ నీకు సంతాపం చెప్పేశారు. ఇప్పుడు నువ్వు బతికున్నావంటే మునిగేది ఇద్దరం."

"ఈ యాభై ఏళ్ళలో రెండు క్లబ్బులూ ఒక్క మాట మీద నిలబడటం ఇదే మొదటిసారి" అన్నాడు పళ్ళ డాక్టరు. "అది నీ వల్లే జరిగింది. ఇంతకంటే పెద్ద సేవ ఎవరు చేశారు చెప్పు?"

కుర్చీలాయన లెక్చరరు కేసి చూశాడు. చదువుకున్నవాడు, న్యాయం చెబుతాడని.

"రూలు ఒప్పుకోదండీ" అన్నాడు లెక్చరరు. "నిలబడి చెప్పిన సంతాపం వాపసు తీసుకోబడదు."

"సంతాపం మీరు వాపసు తీసుకోకండి. నేనే వాపసు వచ్చేస్తా."

"దానికి రూలు లేదు."

పళ్ళ డాక్టరు కాలు అలవాటుగా పెడలు మీద పడింది. కుర్చీ మెల్లగా వెనక్కి వాలి, కుర్చీలాయన వెల్లకిలా అయిపోయాడు. మొహం మీద దీపం. తలకిందుగా ముగ్గురి మొహాలు. ఆ స్థితిలోనే, తను అసలు అడగడానికి వచ్చినది అడిగాడు.

"మరి నా వంతు?"

"ఏం వంతు?"

"ప్రెసిడెంటు. ఈ ఏడు నాది కదా."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ చూపుల్లో ఉన్నది కోపం కాదు, నొచ్చుకోవడం. ఆయనా అడుగుతున్నాడు ఈ మాట!

"నిన్ననే అంత గొప్పగా చెప్పుకున్నాం నీ గురించి" అన్నాడు పళ్ళ డాక్టరు బాధగా. "కుర్చీ కోరుకోని మనిషివని."

"పోయినవాళ్ళకి వంతిస్తే మిగతా పోయినవాళ్ళు అడగరా బాబాయ్?"

లెక్చరరు దారి చూపించాడు. "మళ్ళీ చేరండి, కొత్త సభ్యుడిగా. స్వర్ణోత్సవం రోజునే బ్యాడ్జీ పెడతాం. వరస ప్రకారం మీ వంతు మీకు తప్పకుండా వస్తుంది."

"ఎప్పుడు?"

"ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు లెక్చరరు.

లేచి వెళ్ళిపోదామనుకున్నాడు గాని, ఆ కుర్చీలోంచి డాక్టరు పెడలు నొక్కితే తప్ప లేవడం కుదరదు. ఈలోగా లెక్చరరు సంచీలోంచి కాగితాలు తీశాడు. చరిత్రలో బతికున్న సభ్యులకు తలా ఒక వాక్యం, తపాలాబిళ్ళంత ఫొటో. పోయినవాళ్ళకు నిండు పేజీ. బతికున్నవాళ్ళ గురించి రాయడం కష్టమని, వాళ్ళు చదువుతారని, లెక్చరరు ఎప్పుడూ అనేవాడు. కుర్చీలాయన పేజీని గొంతు సవరించుకుని చదివాడు. ఆకలిగొన్నవాడి ముందు కుర్చీ వేసి తర్వాతే అన్నం గురించి ఆలోచించిన మనిషట. కోపమెరుగడట. లోకమంతా కూర్చుని ఉండగా తానొక్కడే నిలబడ్డాడట.

"ఇంకోసారి చదవండి" అన్నాడు కుర్చీలాయన, దీపంకేసి చూస్తూ.

ఇంటికొచ్చి ఆ వాక్యాలు భార్యకు అప్పజెప్పాడు. ఆవిడ కూర తరుగుతూ వింది.

"కోపమెరుగడా? నిన్న సబ్బు అరిగిపోయిందని గిన్నె విసిరిందెవరు?"

"అది వేరు."

"చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. చూడండి, వాళ్ళు పొగుడుతున్నది మిమ్మల్ని కాదు. మీరు లేకపోవడాన్ని."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. నిజం గనక గుచ్చుకుంది, ఆవిడ అంత తేలిగ్గా అన్నది గనక ఇంకా ఎక్కువగా. "సరే, చూడు. స్వర్ణోత్సవం రోజు మైకు పట్టుకుని చెబుతా. నేనిక్కడే ఉన్నాను, ఈ ఏడు వంతు నాది అని. అందరి ముందూ. కలెక్టరుగారి ముందు."

"చెప్పండి. ముందు వరసలో కూర్చుని వింటా."

ఆ రోజుల్లోనే ఆయనకు వింత అలవాటొకటి పట్టుకుంది. ఏదైనా చెయ్యబోతూ, ఆయనైతే ఏం చేసేవాడు అని ఆగేవాడు. ఆయనంటే ఆ పేజీలో మనిషి. సబ్బు అరిగిపోతే ఆయన గిన్నె విసిరేవాడు కాదు. కూరగాయలమ్మి పుచ్చు వంకాయలిస్తే నవ్వి ఊరుకునేవాడు. కుర్చీలాయన కూడా నవ్వి ఊరుకున్నాడు. పేజీలో మనిషి మీద మొదట అసూయ పుట్టింది. తర్వాత భయం వేసింది, ఆయన ముందు తను తేలిపోతున్నానని. ఆ భయానికి ఇంకో పేరు గౌరవమని ఆయనకు తెలియదు.

స్వర్ణోత్సవం బస్టాండులోనే పెట్టారు, కొత్త రాతిబెంచీ ఎదురుగా. పళ్ళ డాక్టరు సూటు వేసుకున్నాడు. స్టేజీ మీద కుర్చీలాయన ఫొటో, చుట్టూ పువ్వులు. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫొటోలోంచి కత్తిరించింది. పక్కమనిషి చెయ్యి ఒకటి భుజం మీద మిగిలిపోయింది. కలెక్టరుగారు బెంచీ మీది గుడ్డ తీసి, దాని మీద కూర్చోబోయి, ఎండకు కాలిందని గ్రహించి లేచాడు. తర్వాత మైకులో ఎంతో మర్యాదగా అన్నాడు. "కీర్తిశేషుల కుటుంబం వాళ్ళెవరైనా రెండు మాటలు మాట్లాడితే బాగుంటుంది. వారి శ్రీమతిగారు వచ్చారా?"

పళ్ళ డాక్టరు మొహం పాలిపోయింది. సెక్రటరీ వంగి, పడిపోని పెన్ను వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

భార్య మోచేత్తో పొడిచింది. "పిలుస్తున్నారుగా, లేవండి. నాకు బదులు మీరే చెప్పండి. ఇంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు."

ఆయన స్టేజీ ఎక్కాడు. మైకు పట్టుకున్నాడు. చెప్పాల్సిన మాట రెండు వాక్యాలే. నేను బతికున్నాను. వంతు నాది. మొదటిది చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు, ఎదురుగా నిలబడే ఉన్నాడు. రెండోదే నాలిక చివర ఆగింది. ఫొటోకేసి చూశాడు. అందులో మనిషికి ఏ కోరికా లేదు. ముప్ఫై ఏళ్ళూ ఆ కుర్చీ కోసం లోపల్లోపల కుళ్ళిపోయానని తను ఇప్పుడు చెబితే, ఆ మనిషి ఇక్కడే, ఇందరి ముందు చచ్చిపోతాడు. మిగిలేది గిన్నె విసిరేవాడు. వాడి కోసం ఎవరూ ఏడవలేదు. ఏడవరు కూడా.

ముందు వరసలో భార్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

"ఆయన నాకు బాగా తెలుసు" అన్నాడు కుర్చీలాయన.

పళ్ళ డాక్టరు ఊపిరి వదలడం మైకులో వినిపించింది.

ఆ తర్వాత ఆగలేదు. లెక్చరరు రాసినవన్నీ చెప్పాడు, రాయనివీ చెప్పాడు. అందరూ వెళ్ళిపోయాక ఖాళీ హాల్లో ఆయన ఒంటరిగా కుర్చీలు మడతపెట్టడం గురించి చెప్పాడు. పిలవని పెళ్ళికి కూడా విరిగిన కుర్చీ పంపలేదని చెప్పాడు. కొన్ని నిజాలు, కొన్ని అప్పుడే పుట్టినవి. ఏది ఏదో చెబుతున్నవాడికే తెలియలేదు. కలెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జనం వెనక, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా బస్సు వదులుకుని విన్నారు.

పళ్ళ డాక్టరు ఆ ఊపులోనే ఆయన చొక్కాకు కొత్త సభ్యుడి బ్యాడ్జీ గుచ్చాడు. కొత్తగా చేరేవాళ్ళని అడిగే ప్రశ్న ఒకటుంది. అదీ అడిగాడు. "మీరు ఈ క్లబ్బులో ఎందుకు చేరాలనుకున్నారు?"

"ఆయన్ని చూసి" అన్నాడు కుర్చీలాయన, ఫొటో చూపిస్తూ.

క్లబ్బు చరిత్రలో అంత పెద్ద చప్పట్లు ఇదివరకు ఎవరికీ పడలేదు.

ఎండ తగ్గాక ఇద్దరూ ఇంటికి నడుస్తున్నారు.

"ఇంత మంచివాడు మా ఇంట్లోనే ఉండేవాడా?" అంది భార్య. "ఒక్కసారైనా కాఫీకి పిలిచేదాన్ని కాదూ!"

ఆయన నవ్వలేదు. బ్యాడ్జీ సూది కొంచెం పైకి లేచి ఉంటే సర్దుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పాపం" అన్నాడు. "ఇంకొన్నాళ్ళు బతికుంటే ఈ ఏడు ప్రెసిడెంటయ్యేవాడే."

వేళాకోళమేమోనని ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. కాదు.